అర అక్షరం వెనక

మా మేడమీది గదిలో సాయంత్రం క్లాసు మొదలయ్యేది బిరడ జారిన చప్పుడుతో. ఎండాకాలం వచ్చిందంటే ఫిడేలు బిరడలు ఎండి సన్నబడతాయి. శ్రుతి చేసి చెయ్యి తీసేలోపు టర్రుమని వెనక్కి తిరిగి తంతి వదులైపోతుంది. “సార్, పంచమం నిలుస్తలేదు” అంటూ టిఫిన్ బండి వాళ్ల పాప వాద్యాన్ని నా ఒళ్లోకి తోస్తుంది. బిరడ పూర్తిగా ఊడదీసి, దాని నడుముకు సుద్దముక్కతో రెండు చుట్లు గీసి, మళ్లీ దూర్చి, లోపలికి అదుముతూ తిప్పుతాను. నిలుస్తుంది. వానలు పడ్డాక ఇదే బిరడ ఉబ్బిపోయి ఇద్దరం కలిసి పట్టినా కదలదు. అప్పుడు సుద్ద పక్కన పెట్టి ఎండిన సబ్బుముక్క రాస్తాం. సుద్ద గురించీ సబ్బు గురించీ నాకు ఏ శాస్త్రగ్రంథమూ చెప్పలేదు గాని, ఫిడేలు మాస్టారి సంచిలో రోజిన్ బిళ్ల పక్కన ఈ రెండూ లేకపోతే ఆ రోజు పాఠం లేనట్టే.

మా సందు లాల్‌దర్వాజాకీ శాలిబండకీ మధ్య ఉంటుంది. కింద స్కూటర్ మెకానిక్, ఎదురుగా అర్ధరాత్రి దాకా మూయని చాయ్ హోటలు, నాలుగిళ్ల అవతల మసీదు, వెనక వీధిలో పోచమ్మ గుడి. ఇక్కడ కూర్చుని కర్ణాటక సంగీతం నేర్పుతానంటే చిక్కడపల్లి స్నేహితులు నవ్వారు. త్యాగరాయ గానసభ ఉన్నది అక్కడ, పిల్లల్ని సంగీతానికి పంపే ఇళ్లున్నది అక్కడ, నువ్వు చార్మినార్ వెనకాల ఎవరికి చెబుతావయ్యా అన్నారు. నేను గౌలిపురాలో పుట్టినవాణ్ని. పాతబస్తీ దాటి ఇల్లు తీసుకోవాలంటే డబ్బు కావాలి. ఆ మాట పైకి అనకుండా, పుట్టిన బస్తీ మీద మమకారం అని చెప్పి తప్పించుకున్నాను. కొన్నేళ్ల తర్వాత చూసుకుంటే అందులో అబద్ధం పాలు తగ్గింది.

మా నాన్న ఛత్తాబజార్‌లో ఒక ప్రెస్సులో కంపోజిటర్. శుభలేఖలకు పెట్టింది పేరు ఆ బజారు. ఉర్దూ కార్డులు కాతిబ్‌లు కలంతో రాసేవారు. తెలుగు కార్డులకు నాన్న సీసపు అక్షరాలు పేర్చేవాడు. ఒకసారి ఒక ఫిడేలు మాస్టారు కూతురి పెళ్లికి కార్డులు వేయించుకున్నారు. సగం డబ్బు కట్టారు. మిగతా సగానికి, “మీ అబ్బాయికి నాలుగు నెలలు పాఠం చెప్తాను, సరిపెట్టుకోండి” అన్నారు. నాన్న నన్ను అడగలేదు, సరే అనేశాడు. ఆ నాలుగు నెలలు పదకొండేళ్లు సాగాయి. శుభలేఖల బాకీ కింద సంగీతం నేర్చుకున్నవాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

మా గురువుగారిది విజయనగరం వైపు. మాటకు ముందు ‘ద్వారం వారు’, మాటకు వెనక ‘ద్వారం వారు’. పన్నెండేళ్ల నాకు ఆయనెవరో తెలియదు. ద్వారం అంటే మా ఇంటి వెనక ఉన్న లాల్‌దర్వాజా లాంటిదేదో అనుకునేవాణ్ని.

ఆ కథ చాలామందికి తెలిసిందే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. ద్వారం వెంకటస్వామినాయుడు గారు 1893 నవంబరు 8న బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచీ చూపు మందం. బల్ల మీది అక్షరాలు కనపడక చదువు ఆగిపోయింది. అన్నగారి దగ్గర ఫిడేలు పట్టారు. 1919లో విజయనగరంలో విజయరామ గజపతి మహారాజు సంగీత కళాశాల పెట్టారు. తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. విద్యార్థిగా చేరదామని వెళ్లిన ఈ పాతికేళ్ల యువకుడి వాయింపు విని, నువ్వు కూర్చోవలసింది ఇటువైపు అని ఆచార్యుడి స్థానంలో కూర్చోబెట్టారని చెప్పుకుంటారు. 1936లో ఆయనే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1952లో మన దేశం వచ్చిన యెహూదీ మెనుహిన్ అంతటి వాడు ఆయన వాదన విని మెచ్చుకున్నాడు. పక్కవాద్యంగానే కూర్చోబెట్టే ఫిడేలును వేదిక మధ్యకు తెచ్చి, దాంతోనే పూర్తి కచేరీ చేసి చూపినవారిలో ఆయన ముందువరుస మనిషి.

నన్ను పట్టుకున్నది ఈ బిరుదులు కావు. ఆయన కచేరీలు మానేసి పాఠానికి రాలేదు. దేశమంతా తిరిగి వాయిస్తూనే ఏళ్ల తరబడి విజయనగరంలో పిల్లల ముందు కూర్చున్నారు. మధూకరం ఎత్తుకుని కడుపు నింపుకున్న ఘంటసాల వెంకటేశ్వరరావు చదివింది ఆ కళాశాలలోనే. నేదునూరి కృష్ణమూర్తి గారు గాత్రం, ఫిడేలు రెండూ నేర్చుకున్నదీ అక్కడే. మా వృత్తిలో పాఠం చెప్పడమంటే కచేరీలు రానివాడి పని అనే చిన్నచూపు ఒకటుంది. ఆ చిన్నచూపు నాకూ ఉండేది. ద్వారం వారి పేరు పదకొండేళ్లు విని కూడా ఉండేది.

ఫిడేలు మనది కాదని అందరికీ తెలుసు. సుమారు 200 ఏళ్ల కిందట ముత్తుస్వామి దీక్షితర్ తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో తెల్లవాళ్ల బాజాలో చూసి నేర్చుకుని మన పాటకు మలిచాడు. మలచడంలో అసలు కిటుకు కూర్చోవడంలో ఉంది. పాశ్చాత్యులు నిలబడి, గడ్డం కింద నొక్కి పట్టి వాయిస్తారు. మనం కింద బాసింపట్టు వేసి, కుడికాలి మడమ ముందుకు పెట్టి, ఫిడేలు తలను దాని మీద ఆనించి, రెండో కొసను ఎడమ ఛాతీకి అదుముకుంటాం. అప్పుడు ఎడమ చేతికి వాద్యాన్ని మోసే బరువు ఉండదు. చెయ్యి తంతి మీద పైకీ కిందికీ హాయిగా జారుతుంది. మన సంగీతానికి ప్రాణమైన గమకం ఆ జారుడులోనే ఉంది. తొలిరోజు పిల్లలకు నేర్పేది ఇదే, కాలు ఎక్కడ పెట్టాలో. “సార్, తిమ్మిరెక్కింది” అని రెండో నిమిషంలో ఒకరు, మూడో నిమిషంలో అందరూ.

ఇరవై ఆరేళ్లు నేను పక్కవాద్యం వాయించాను. ఆకాశవాణిలో బి-హై గ్రేడు. గాత్ర కచేరీలు, కూచిపూడి ప్రదర్శనలు, హరికథలు, శ్రీరామనవమి పందిళ్లు, ఎవరైనా మానేస్తే ఆ చోట పెళ్లి రిసెప్షన్ ఆర్కెస్ట్రాలు కూడా. పక్కవాద్యం అంటే ఏమిటో వినేవాళ్లకు పూర్తిగా తెలియదు. గాయకుడు ఆలాపన మొదలుపెడతాడు. ఏ రాగమో ముందు చెప్పడు. చెప్పినా ఎటు తిరుగుతాడో అతనికే తెలియదు. అతను అన్నది అర అక్షరం వెనకగా నేను అనాలి. మరీ దగ్గరగా పోతే గొంతు మీద తొక్కినట్టు, మరీ వెనకబడితే చెవిటివాడి సమాధానంలా ఉంటుంది. అతను ఊపిరి తీసుకునే సందులో శ్రుతిని నేను నిలబెట్టాలి. అతని గొంతు పై షడ్జం దగ్గర బెసికితే నా తంతి కాస్త గట్టిగా పలకాలి, జనానికి ఆ బెసుకు వినపడకూడదు. నాకు వంతు వచ్చినప్పుడు వాయించాలి, అతని కంటే బాగా వాయించకూడదు. ఇది చివరి నియమం, ఎవరూ పైకి చెప్పరు, అందరికీ తెలుసు.

డబ్బు సంగతి కూడా చెప్పేస్తాను. పోస్టరులో గాయకుడి పేరు చారెడు అక్షరాల్లో, మా పేర్లు చీమల బారులా. కవర్లు కూడా అదే కొలత. ఒకసారి నాలుగు గంటల కచేరీ అయ్యాక మృదంగం ఆయన, నేను మా కవర్లు రెండూ కలిపి లెక్కపెట్టుకున్నాం, గాయకుడి కవర్లో మూడోవంతు రాలేదు. ఆ రాత్రి ఇద్దరం నాంపల్లి స్టేషన్ బయట ఇరానీ చాయ్ తాగుతూ చాలాసేపు నవ్వుకున్నాం. నవ్వక ఏం చేస్తాం?

నలభై ఎనిమిదో ఏట నా ఎడమచేతి ఉంగరం వేలు ఇరుక్కుంది. ఉదయం లేస్తే ముడుచుకుని ఉండేది. రెండో చేత్తో లాగితే టక్కుమని తెరుచుకునేది. వేలిని ముడిచే స్నాయువు ఒక తాడులాంటిది, సన్నని గొట్టాల్లోంచి జారుతూ ఉంటుంది. అది ఉబ్బితే గొట్టంలో అడ్డం పడుతుంది. తుపాకీ మీట నొక్కి వదిలినట్టు ఉంటుంది కాబట్టి డాక్టర్లు ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. ఒక సభలో కల్యాణి స్వరకల్పన నడుస్తుండగా, మధ్యమం మీద పెట్టిన వేలు లేవలేదు. గాయకుడు పంచమానికి వెళ్లాడు, నిషాదానికి వెళ్లాడు, నేను మాత్రం మధ్యమం దగ్గర ఉండిపోయాను. ముందు వరుసలో ఒకాయన తల పక్కకు తిప్పుకున్నారు. ఆ సభవారు ఆ రోజు కవరు ఇవ్వలేదు. తర్వాత పిలవనూ లేదు. చిన్న ఆపరేషన్ చేయించుకున్నాను. వేలు తెరుచుకుంది గాని మూడో కాలం వేగం తిరిగి రాలేదు. పప్పన్నం కలుపుకోవడానికి ఏ లోటూ లేదు.

అలా, గతిలేక, పాఠం చెప్పడానికి కూర్చున్నాను.

మొదటి జట్టు పదకొండు మంది. ఆ రోజుల్లో నా పాఠం ఎలా ఉండేదో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పిల్లల ముందు కూర్చుని వర్ణం రెండు కాలాలు టకటకా వాయించేవాణ్ని. గుమ్మం దగ్గర నిలబడ్డ తండ్రులు ‘వాహ్’ అనేవారు. ఆ ‘వాహ్’ కోసమే మళ్లీ వాయించేవాణ్ని. కచేరీలు పోయిన కడుపుమంటంతా ఆ పిల్లల మీద చల్లార్చుకున్నాను. మూడు నెలల్లో తొమ్మిది మంది మానేశారు. ఒకరికి ట్యూషన్, ఒకరికి కరాటే, ఒకరు ఊరు మారారు. మానేసేవాళ్లు కారణం చెప్పరు, సాకు చెబుతారు.

మిగిలిన ఇద్దరిలో ఒక పిల్లాడు ఉండేవాడు, చత్రినాక నుంచి వాళ్ల మామయ్య స్కూటీ మీద దింపేవాడు. చెప్పింది చెప్పినట్టు చేసేవాడు. ఒకరోజు వాడు సరళీ స్వరాలు వాయిస్తుంటే మధ్యమం దగ్గర వాడి ఉంగరం వేలు వంకరగా మడిచి, కొస కాకుండా పక్కభాగం తంతికి తగిలిస్తున్నాడు. “అదేంరా అట్ల పెడ్తున్నవ్?” అన్నాను. వాడు నా చేతి వంక చూసి, “మీరు గట్లనే పెడ్తరు గద సార్” అన్నాడు.

నా వేలి రోగం ఆ పిల్లాడు పాఠంగా నేర్చుకున్నాడు.

మర్నాటి నుంచి క్లాసులో నా ఫిడేలు పెట్టెలోంచి తీయలేదు. సుమారు ఏడాది పాటు తీయలేదు. నోటితో పాడి చెప్పాను. పిల్లలు ముందు పాడాలి, పాడిందే వాయించాలి. నోట్లో లేని స్వరం వేలికి రాదు. మెల్లగా ఇంకొకటి గమనించాను. పిల్ల వాయిస్తుంటే నేను ముందుండి లాగడం మానేసి, ఆ పిల్ల వెనకాల అర అక్షరం దూరంలో సన్నగా పాడుతుంటే, తప్పు ఎక్కడ పుడుతోందో వినపడుతోంది. ఆ తప్పు వేలిదా, కమానుదా, చెవిదా, భయానిదా తెలుస్తోంది. ముందున్నవాడికి తప్పు జరిగిపోయాక తెలుస్తుంది. వెనకున్నవాడికి జరగబోతుండగా తెలుస్తుంది. ఇరవై ఆరేళ్లు నేను చేసిన పని అదే. పెద్ద విద్వాంసుల పక్కన కూర్చుని, వాళ్ల ఊపిరిని బట్టి ఎటు పోతారో పసిగట్టడం. అదంతా సంపాదన లేని విద్య అనుకున్నాను. ఇప్పుడు తొమ్మిదేళ్ల పిల్లకు పక్కవాద్యం వాయిస్తున్నాను, అంతే. ఈ గాయని నిన్నటి విద్వాంసుల కంటే ఎక్కువ అపశ్రుతి పలుకుతుంది గాని అలక తక్కువ.

ఫిడేలు నేర్పడం గురించి రెండు ముక్కలు చెబితే, పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులకు పనికొస్తుంది. పిల్లలకు పెద్ద ఫిడేలు కొనకండి. పావు, అర, ముప్పావు, పూర్తి అని సైజులుంటాయి. పిల్ల ఎడమ చెయ్యి చాచి వాద్యం తలను అరచేతితో పట్టుకున్నప్పుడు మోచెయ్యి కాస్త మడిచి ఉండాలి. చెయ్యి నిటారుగా సాగిందంటే ఆ ఫిడేలు పెద్దదైనట్టు. ‘ఎట్లాగూ పెరుగుతుంది కదా’ అని చెప్పులు కొన్నట్టు కొంటే మెడ, భుజం పాడవుతాయి. మా దగ్గర ఒక అర సైజు ఫిడేలు నలుగురు పిల్లల చేతులు మారింది. అన్న చొక్కా తమ్ముడు తొడుక్కున్నట్టు ఒకరికి చిన్నదైపోతే ఇంకొకరికి వెళ్తుంది.

మొదటి రెండు వారాలు ఎడమ చేతికి పని లేదు. కమాను పట్టుకోవడం, వట్టి తంతి మీద మొదటి నుంచి కొస దాకా నాలుగు అక్షరాల కాలం లాగడం. కమానుకు ఉన్నది గుర్రపు తోక వెంట్రుకలు. వాటికి రోజిన్ రాయకపోతే తంతి మీద జారిపోతాయి తప్ప పలకవు. ఎక్కువ రాస్తే తెల్లపొడి రాలి, తంతి గీరుతుంది. ఏడుగురు పిల్లలు కలిసి వట్టి షడ్జం లాగుతుంటే ఎలా ఉంటుందో మా కింది మెకానిక్‌ను అడగాలి. మొదటి నెలలో ఒకరోజు పైకొచ్చి, “అన్నా, ఏదన్న బేరింగ్ పోయిందా?” అని అడిగాడు.

తర్వాత మాయామాళవగౌళ. కర్ణాటక సంగీతం నేర్చుకునే ప్రతివాళ్లూ ఆ రాగంతోనే మొదలుపెడతారు. ఆ పద్ధతి పురందరదాసు పెట్టాడంటారు. ఎందుకా రాగమే అని గాయకులు రకరకాలుగా చెబుతారు. ఫిడేలు వాడికి మాత్రం కారణం చేతిలోనే కనపడుతుంది. మన ఫిడేలు నాలుగు తంతులు స-ప-స-ప అని శ్రుతి చేస్తాం. షడ్జం తంతి మీద, వట్టి తంతి స, చూపుడువేలు బిరడల వైపు కొసకు దగ్గరగా రి, మధ్యవేలు బాగా ఎడంగా జరిపి గ, ఉంగరం వేలు దాన్ని ఆనుకుని మ. ఇక పంచమం తంతికి వెళ్లండి. వట్టి తంతి ప, అదే చోట చూపుడువేలు ద, అదే ఎడంలో మధ్యవేలు ని, ఆనుకుని ఉంగరం వేలు పై స. వేళ్లు కదిలించకుండా తంతి మార్చితే చాలు, సగం రాగం పూర్తి రాగం అవుతుంది. పైగా ఈ రాగంలో వేళ్ల మధ్య దూరాలు రెండే రకాలు, ఆనుకున్నవి, బాగా ఎడమైనవి. కొద్దిగా ఎడం, మరికాస్త ఎడం అనే సందేహానికి చోటు లేదు. చిన్న చేతికి ఇంతకంటే స్పష్టమైన రాగం ఇంకోటి నాకు కనపడలేదు. ఇది నేను కచేరీలు చేసిన కాలంలో ఒక్కనాడూ ఆలోచించలేదు. నేర్చేసుకున్నవాడికి వేళ్ల దూరం గుర్తుండదు.

మెకానిక్ ఒక్కడే కాదు పైకొచ్చింది. ఒక సాయంత్రం తెల్లగడ్డం పెద్దాయన ఒకరు మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి గుమ్మంలో నిలబడ్డారు. ఎదురింటి మేడ కింద అరుగు మీద రోజూ కూర్చుంటారు, సలాం అంటే సలాం. గోల భరించలేక వచ్చారనుకుని క్షమాపణ చెప్పబోయాను. ఆయన వేలు టిఫిన్ బండి పాప వైపు చూపించి, “బచ్చీ కా సుర్ ఉతర్‌రా, మాస్టర్ సాబ్” అన్నారు. పాప శ్రుతి దిగుతోందట. నిజమే, నేను ఇంకో పిల్లాడి వైపు తిరిగి ఉండి వినలేదు. వీధి అవతలి అరుగు మీది నుంచి ఆయన విన్నారు.

ఖవ్వాలీ జట్టులో ఆయన నలభై ఏళ్లు బుల్‌బుల్ తరంగ్ వాయించారట. మనవాళ్లు బెంజో అంటారు, టైపు మిషన్ మీటల్లాంటివి నొక్కుతూ రెండో చేత్తో తంతులు మీటుతారు. యూసుఫైన్ దర్గాలో ఎన్ని గురువారాలు కూర్చున్నారో లెక్కలేదన్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. కింద చాప మీద కూర్చుని, నా ఫిడేలు అడిగి తీసుకుని, కమాను ముట్టకుండా ఎడమచేతి వేలు తంతి మీద పెట్టి, కింది నుంచి పైకి జార్చి, కుడిచేత్తో మీటారు. మళ్లీ జార్చారు. మళ్లీ. “మేరే బాజే మే మీండ్ నై” అన్నారు. తన వాద్యంలో జారు లేదని. మీట నొక్కితే స్వరం కచ్చితంగా పలుకుతుంది, ఒక వెంట్రుకవాసి అటూఇటూ కాదు. కాని ఒక మీట నుంచి ఇంకో మీటకు జారడానికి దారి లేదు. వీణకు ఇరవై నాలుగు మెట్లున్నాయి, ఆ మెట్టు మీద తంతిని పక్కకు లాగితే స్వరం పైకి పోతుంది. ఫిడేలుకు మెట్టూ లేదు, మీటా లేదు. ఎక్కడ వేలు పెడితే అక్కడే స్వరం, తప్పైనా ఒప్పైనా. పిల్లలకు అదే భయం. ఆ పెద్దాయనకు అదే మక్కువ. నలభై ఏళ్లు కచ్చితమైన స్వరాలు పలికించిన మనిషి జారడం కోసం మొహం వాచి ఉన్నారు.

అప్పటి నుంచి వారానికి రెండు రోజులు వస్తారు. ఏమీ మాట్లాడరు. ఎవరి శ్రుతి దిగినా కనుబొమలు కొద్దిగా లేస్తాయి. పిల్లలు నా మొహం చూడటం మానేసి ఆయన కనుబొమలు చూస్తూ వాయిస్తారు. ఒకసారి నన్ను దాయిరా మీర్ మోమిన్‌కు తీసుకెళ్లారు. హైదరాబాదు నగరానికి రూపురేఖలు దిద్దిన కుతుబ్‌షాహీల పేష్వా మీర్ మోమిన్ పేరున్న శ్మశానం అది, మా ఇంటికి నడిచిపోయేంత దూరం. బడే గులాం అలీఖాన్ సమాధి అక్కడ ఉంది. 1968లో ఆయన హైదరాబాదులోనే కన్నుమూశారు. ఆయన తొలినాళ్లలో సారంగి వాయించేవారు, పక్కవాద్యమే. పెద్దాయన ఆ మాట చెప్పి, నా భుజం మీద ఒకసారి తట్టి, ఇంకేమీ అనకుండా బయటికి నడిచారు. నేను పుట్టిపెరిగింది ఇక్కడే, యాభై ఏళ్లు దాటేదాకా ఆ గేటు లోపల అడుగు పెట్టలేదు.

మా పాఠాల క్యాలెండరు వేరు. ఆషాఢంలో బోనాల ఆదివారం, మర్నాడు ఘటాల ఊరేగింపు, ఆ రెండు రోజులు డప్పుల ముందు ఫిడేలు పెట్టె తెరవడం దండగ. మొహర్రం పదో రోజు బీబీ కా అలావా నుంచి ఏనుగు మీద ఆలం బయలుదేరినప్పుడు వీధులు బందు, పిల్లలు రాలేరు. రంజాన్ నెలలో ఇఫ్తార్ వేళకు అరగంట ముందే వదిలేస్తాం, ఆ తర్వాత సందులో కాలు పెట్టే చోటు ఉండదు. అజాన్ వినపడినప్పుడు కమానులు ఒళ్లో పెట్టుకుని ఆగుతాం. మొదట్లో అది మర్యాద కోసం. ఒకరోజు ఆగినప్పుడు ఒక పిల్లాడు, “సార్, అది మన ‘స’ కంటే పైన ఉంది” అన్నాడు. అప్పటి నుంచి ఆ రెండు మూడు నిమిషాలూ చెవికి పాఠం కూడా.

మొన్న పుష్య బహుళ పంచమికి, త్యాగరాజ ఆరాధన అని పెద్ద పేరు పెట్టుకుని, మా వెనక వీధి గుడి మంటపంలో పిల్లల చేత చిన్న కార్యక్రమం చేయించాను. ఘనరాగ పంచరత్నాలు మా తాహతు కాదు, గీతాలు, ఒక స్వరజతి, అంతే. స్కూటీ పిల్లాడు ఇప్పుడు ఎనిమిదో తరగతి, ఫిడేలు కంటే గొంతు బాగుంది. వాడు పాడాలి, టిఫిన్ బండి పాప పక్కన వాయించాలి. నేను వెనకాల ఫిడేలు శ్రుతి చేసి పెట్టుకుని కూర్చున్నాను, తప్పితే అందుకుందామని.

మైకు ఒకసారి కూసింది. పిల్లాడు మొదటి గీతం బాగానే లాగాడు. రెండోదాంట్లో, నడుమ, మర్చిపోయాడు. నోరు తెరిచి ఉంది, మాట లేదు. తాళం వేస్తున్న చెయ్యి మాత్రం ఆగలేదు, అదొక్కటి నేర్పినట్టు చేశాడు. నేను కమాను ఎత్తాను. అంతకు ముందే పాప కమాను కదిలింది. రాబోయే చరణం మొదటి నాలుగు స్వరాలు, మెల్లగా, పిల్లాడికి మాత్రమే అన్నట్టు. వాడు అందుకోలేదు. మళ్లీ అవే నాలుగు స్వరాలు. ఈసారి వాడి గొంతు లేచింది. లేచిన వెంటనే పాప సందడి తగ్గించి, వాడి వెనక్కి జరిగింది. ఎంత వెనక్కి అంటే, సరిగ్గా అర అక్షరం. నేను ఆ పిల్లకు ఆ సంగతి ఎప్పుడూ నోటితో చెప్పలేదు.

కార్యక్రమం అయ్యాక గుడివాళ్లు పులిహోర పంచారు. అరుగు పెద్దాయన మంటపం బయట చెప్పుల దగ్గర కుర్చీలో కూర్చుని విన్నారు. కనుబొమలు ఎన్నిసార్లు లేచాయో నేను చూడలేదు. పాడిన పిల్లాడికి ఒక భక్తుడు వంద రూపాయల నోటు చేతిలో పెట్టాడు. పాప ఆ నోటు వంక చూసింది. పొద్దున పూట ఇడ్లీ బండి దగ్గర గల్లా పెట్టె ముందు కూర్చునేది ఆ పిల్లే, చిల్లర లెక్క నాకంటే బాగా వచ్చు.

“సార్, గాడు మర్సిపోతె నేనే గద చెప్పిన?”

“అవును బిడ్డా, మంచిగ చెప్పినవ్.”

“మరి పైసలు ఇద్దరికి సమానం రావాలె గద?”

మృదంగం ఆయన గుర్తొచ్చారు. నాంపల్లి స్టేషన్ గుర్తొచ్చింది. నేను సంచిలోకి తల వంచి రోజిన్ బిళ్ల వెతకడం మొదలుపెట్టాను. అది నా జేబులోనే ఉంది.